గూళ్ళు ఎటు, నీళ్ళు ఎటు

వానాకాలంలో కూలిన గోడ మాఘమాసం వెళ్ళేసరికి మళ్ళీ ఛాతీ ఎత్తుకు మించి లేచింది. శాలిబండలో ఆ గోడకు పడమట వైకుంఠం సేటు ఇంటి పెరడు, తూర్పున సీమోను ఉండే బస్తీ. సేటు మనవరాలు రశ్మి ఇళ్ళ నక్షాలు గీసే చదువు చదివింది. గోడ బొమ్మ ఆమె గీసింది. ఏడో తరగతిలో బడి మానేసిన మేస్త్రీ సీమోను కడుతున్నాడు. అలాంటి గోడ ఆ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. అడుగున ముంగిస దూరేటంత కంతలు. నడుమ, అటొకరు ఇటొకరు కూర్చుని మాట్లాడుకునేందుకు అరుగులతో ఒక కిటికీ. ఆ పైన పిచ్చుకలకూ గోరింకలకూ గూళ్ళు. సేటు అన్నిటికీ సరేనని మొక్కు తీర్చుకోవడానికి యాదగిరిగుట్టకు వెళ్ళాడు. అటునుంచి బంధువుల ఇళ్ళన్నీ తిరిగి, శుక్రవారం పొద్దు వాలాక వచ్చి, చెప్పులైనా విడవకుండా పెరట్లోకి నడిచాడు. ఇటుకల కుప్ప ఎక్కి, గోడ మీదుగా వంగి, చెయ్యి చాచి అవతలి ముఖాన్ని తడిమాడు. చెయ్యి ఒకచోట లోపలికి పోయింది.

"సీమోనూ!" అని కేక వేశాడు.

లోకంలో మనిషి మంచి పని చేస్తున్నప్పుడే ఇలాంటి కేక వినపడుతుంది. చెడ్డపని చేసేవాణ్ణి ఎవరూ పిలవరు, పక్కకు తప్పుకుని పోతారు. యాభై ఏళ్ళు దాటిన సీమోనుకు ఆ సంగతి బాగా అనుభవం. అందుకని తొందరపడకుండా తాపీకి అంటిన సిమెంటు మాలు గోడకే రాసి, తల ఎత్తాడు.

"ఏంది సేటూ, ప్రసాదం తెచ్చినవా?"

"ప్రసాదం తర్వాత. గిదేంది?"

"గూడు."

"గూడని నాకు తెల్వదా? గిన్ని గూళ్ళు ఎటు దిక్కు పెట్టినవు? నా దిక్కు ఒక్కటన్న ఉన్నదా?"

సీమోను కొత్త గూళ్ళ వరుస వైపు తిరిగి చూశాడు. అప్పటికి గాని అతనికి తట్టలేదు.

పాత బస్తీలో రెండిళ్ళ నడుమ గోడ ఎవరిదని పేచీ వస్తే పెద్దమనుషులు కాగితాలు తర్వాత అడుగుతారు. ముందు గోడను చూస్తారు. దీపం గూళ్ళు ఎవరి ఇంటి వైపు తెరుచుకుంటే గోడ వాళ్ళది. గోడ నెత్తి మీద వాలు ఎటుంటే, వాన నీళ్ళు ఎవరి పెరట్లో పడితే గోడ వాళ్ళది. ఈ రెండు గుర్తులూ మేస్త్రీ పని నేర్చుకునేవాడికి తూకం గుండు పట్టుకోవడం కన్నా ముందు చెబుతారు. సీమోనుకూ చెప్పారు. కాని ఈ రెండు వారాలూ అతను పిట్టల గురించే ఆలోచిస్తూ మనుషుల సంగతి మరిచిపోయాడు. అంత పొరపాటు అతను ఏనాడూ చెయ్యలేదు.

కేక విని ఇంట్లోంచి రశ్మి పరుగెత్తుకొచ్చింది.

"తాతా, దిగు, పడతవ్. ఆ గూళ్ళు తూర్పుకు పెట్టుమన్నది నేనే. మన దిక్కు పడమటి ఎండ. పెడితే గూడు పొయ్యి అయితది, పిల్లలు లోపల్నే ఉడికిపోతయ్. వాన గూడ మన దిక్కునుంచే కొడతది."

"పిట్టకు ఎండ తగలొద్దని నేను గోడ పోగొట్టుకోవాల్నా బిడ్డా?"

"గోడ ఎక్కడికి పోతది తాతా?"

"గది నీకు చెప్పలేదు మీ కాలేజీల." సేటు సీమోను వైపు తిరిగాడు. "ఆమె పోరి, ఆమెకు తెల్వదు. నీకు తెల్వదా? తెలిసే పెట్టినవు. ఇయ్యాల పిట్టల పేరు చెప్పి గూళ్ళు, రేపు గోడ మాదంటరు, ఎల్లుండి గోడ పక్క జాగ మాదంటరు. పొద్దుగూకేలోపల అన్నీ పూడ్చెయ్యి. కిటికీ గూడ పూడ్చు. పిట్ట వద్దు, ముంగిస వద్దు. నున్నగ గోడ కట్టు, నెత్తిన గాజు పెంకులు గుచ్చు."

మిగతా మాటలు సీమోను భరించేవాడే. కిటికీ అన్న మాట దగ్గర అతను తాపీ కింద పెట్టేశాడు.

ఆ కిటికీ ఎవరి కోసమో సేటుకూ తెలుసు. గోడ అంతా కూలినా ఉత్తరపు కొసన, సీమోను గదిని ఆనుకుని, పాత గోడ ముక్క ఒకటి నిలబడింది. అందులో ఒక గూడు ఉంది. అది అటూ ఇటూ కూడా తెరిచి ఉండే గూడు. ఎవరు కట్టారో, ఎందుకలా కట్టారో ఎవరికీ తెలియదు. సేటు భార్య సుగుణమ్మ కొత్త కోడలిగా వచ్చిన నాటి నుంచి అందులో శుక్రవారం దీపం పెట్టేది. ఇవతల సీమోను తల్లి రాహేలు ఆదివారం కొవ్వొత్తి పెట్టేది. ఎవరు పెట్టినా వెలుతురు రెండిళ్ళకూ వచ్చేది. రాహేలు ఆసుపత్రిలో ఆయాగా చేసి వచ్చి, గూటి దగ్గర కూర్చుని, ఆ రోజు ఎవరికి ఎవరు పుట్టారో చెప్పేది. అవతల సుగుణమ్మ చింతపండు గింజ తీస్తూ వినేది. మామిడికాయ తొక్కు గిన్నె అటునుంచి ఇటు వచ్చేది, ఖాళీ గిన్నె ఊరికే పోకూడదని అందులో నాలుగు కరివేపాకు రెబ్బలైనా పడేవి. రాహేలు మొగుడు చనిపోయిన వారం సుగుణమ్మ గూట్లోంచి చెయ్యి చాచి, ఆమె చెయ్యి పట్టుకుని, ఏమీ మాట్లాడకుండా కూర్చునేది. సీమోను కళ్ళారా చూశాడు.

గోడ కూలగానే దొంగల భయానికి సేటు తన వైపున రేకులు కొట్టించాడు. ఆ రేకుల వెనక గూడూ మూసుకుపోయింది. కొత్త గోడ లేచే చోట రేకులు తీసేశారు గాని, ఇంకా విప్పాల్సిన ఆ పాత ముక్క దగ్గర అలాగే ఉన్నాయి. చుట్టూ తిరిగి రావాలంటే బస్తీ గల్లీ దాటి, బస్సులూ ఆటోలూ ఒకదాన్నొకటి ఒరుసుకునే పెద్ద సడకు మీదికి పోయి, మళ్ళీ సేట్ల గల్లీలోకి ఎక్కాలి. ఇద్దరికీ మోకాళ్ళు పోయాయి. పది అంగల దూరంలో ఉన్న ఇద్దరు ముసలమ్మలకు శాలిబండ సడకు సముద్రమైంది.

ఆనాటి నుంచి రాహేలు తిండి తగ్గించింది, మాట ఇంకా తగ్గించింది. చలిగాలి వస్తోందని కొడుకు చేత ఇటువైపు గూటికి గోనె పరదా కట్టించుకుంది. ఇప్పుడు ఎండలు ముదురుతున్నా దాన్ని తియ్యనివ్వదు. మూసిన రేకు కళ్ళబడటం ఇష్టం లేక కావచ్చునని సీమోను అనుకున్నాడు. ఆ కిటికీ తెరుచుకుంటే తల్లి మళ్ళీ నాలుగు ముద్దలు తింటుంది. అతనికి ఈ గోడలో ఉన్న లాభం అంతే.

"సేటూ," అన్నాడు సీమోను, "గూళ్ళంటే నా తప్పే, ఒప్పుకుంట. నా నెత్తి పని చెయ్యలే. గాని కిటికీ మాత్రం పూడ్చ. నువ్వు ఇంకో మేస్త్రీని తెచ్చుకో."

"తెచ్చుకుంట. హైదరాబాదుల మేస్త్రీలు కరువా?"

"కరువేం లేదు. మస్తుమంది ఉన్నరు. కంతలంటే గంత భయమైతే ముందుగాల నీ గోదాము తలుపుకున్న కంత పూడ్పిచ్చు మరి. ఎలకల కోసం పిల్లికంత పెట్టుకుంటివి గద! పిల్లి వచ్చిపోతున్నదని నీ గోదాము ఎవడన్న గుంజుకున్నడా?"

"పిల్లి గుంజుకోలేదురా," అన్నాడు సేటు. "అన్న గుంజుకున్నడు."

ఇటుకల కుప్ప మీద నిలబడ్డ మనిషి అలాగే దాని మీద కూర్చున్నాడు. ఇవతల సీమోనుకు ఇప్పుడు తెల్లటి జుట్టు, టోపీ అంచు మాత్రమే కనిపిస్తున్నాయి. మాట మాత్రం గోడ మీదుగా వస్తోంది.

"పత్తర్‌గట్టిల మా నాయిన దుకానం ఉండె. నాయిన పోయినంక నడుమ గోడ పెట్టి నేనూ సీతారామన్నా చెరిసగం చేసుకున్నం. అన్న తన దిక్కు చిన్న గూడు పెట్టిండు, లక్ష్మిని కూసోబెడతనని. తల్లిని వద్దంటనా? నేనే పోయి పువ్వులు గూడ పెట్టి వచ్చిన. పదేండ్లు గడిచినంక, పైకి పోయే మెట్లు ఎవరివని మాటొచ్చింది. కులపెద్దలు వచ్చిండ్రు. ఒకాయన అన్న దుకానంలకు పోయి గూట్ల చెయ్యి పెట్టిండు. గోడ సీతారాందే అన్నడు. గోడ ఆయనదైతే గోడను ఆనుకున్న మెట్లూ ఆయనవే. పైన గది ఆయనదే. ఖతం."

రశ్మి తాత పక్కన కూర్చుంది. ఈ కథ ఆమె ఏనాడూ వినలేదు. ఆ ఇంట్లో సీతారాం తాత ఫోటో ఉంది గాని, దాని గురించి ఎవరూ మాట ఎత్తరు.

"పోతే పోయింది గది," అన్నాడు సేటు. "దాని ఫికర్ లేదు. ఇంక మాట్లాడుకోలే మేము. నడుమ గా గోడనే. అన్న దగ్గితే వినపడేది, గల్లా మూస్తే వినపడేది. ఒకనాడు దుకానంల కూసున్నప్పుడే పాణం పోయింది. అటు ఏడుస్తున్నరు. నేను ఇటు గోడకు చెవి పెట్టి నిలబడ్డ. నాలుగు అడుగులేస్తే గుమ్మం. వెయ్యలేకపోయిన. గూడు చూస్తే నాకు గదే యాదికొస్తది సీమోనూ. నువ్వు మోసం చేస్తవని గాదు. మంచిగున్నోళ్ళ నడుమ గూడ గోడ లొల్లి పెడతదని."

కోపంతో ఉన్న మనిషిని ఎదుర్కోవడం అతనికి చిన్నప్పటి నుంచీ అలవాటు. బాధపడుతున్న మనిషి ఎదురైతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. తన నీళ్ళ సీసా తీసి గోడ మీద పెట్టాడు. అటునుంచి ముడతలు పడ్డ చెయ్యి వచ్చి, ఒక్క క్షణం తడబడి, సీసా తీసుకుంది. సేటు పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకున్నాడు. అది అలవాటో, ఇంకొకటో సీమోను అడగలేదు. ఇచ్చినప్పుడు పుచ్చుకున్నాడు, ఆ పూటకు అది చాలు.

"అయితే గూళ్ళు వాళ్ళకే ఉండనీయుండ్రి," అని పెరటి మెట్టు మీది నుంచి ఒక గొంతు వచ్చింది.

సుగుణమ్మ నాలుగు కాళ్ళ ఊతకర్ర పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"నువ్వెందుకు లేచినవే?" అన్నాడు సేటు.

"మీరు గట్ల ఒర్రుతుంటే పండుకోనొస్తదా? జర వింటరా? గూళ్ళు వాళ్ళ దిక్కు ఉండనీయుండ్రి. గోడ నెత్తిన వాలు మన దిక్కు పెట్టమనుండ్రి. నీళ్ళు మన పెరట్ల పడతయ్. గూళ్ళు వాళ్ళవి, నీళ్ళు మనవి. ఇగ ఏ పెద్దమనిషి వచ్చి చూస్తడో చూడనీ! గూడు చూసి వాళ్ళదంటడు, వాలు చూసి మనదంటడు. తల గోక్కుంట పోతడు."

సీమోను మనసులోనే గోడను మొత్తం కట్టి చూసుకున్నాడు. తూర్పు ముఖాన గూళ్ళు, నెత్తి మీద పడమటికి వాలు. పిట్టలకు ఎండ తగలదు, వాన కొట్టదు. ఒక్క ఇటుక కూడా తియ్యక్కరలేదు. అతనికి నవ్వు వచ్చింది. చాలా రోజులకు వచ్చింది గనక దగ్గులా వినపడింది.

"నీళ్ళు మన దిక్కు పడితే బురద గూడ మనకేనే," అన్నాడు సేటు. కాని ఆ మాటలో పస లేదు.

"సీతాఫలం చెట్టు ఎండుతున్నదని రోజూ బిందెలు మోస్తుంటిరి గద! దానికి పోనీయుండ్రి."

"నానమ్మా, నేను కింద రాతి తొట్టి పెడత," అంది రశ్మి, అప్పుడే తలలో గీసేస్తూ. "ముంగిసలు నీళ్ళు తాగుతయ్. అసలు నాకెందుకు తట్టలేదు ఇది?"

"నీకు అత్త లేదు గనక," అంది సుగుణమ్మ. "ఇద్దరూ నాదే అనుకునేటట్లు నడిపిచ్చుడు అత్త దగ్గరనే వస్తది."

సేటు లేచి నిలబడ్డాడు. గోడ మీద చెయ్యి వేసి, ఈసారి మెల్లగా, గూటి అంచు తడిమి చూశాడు.

"మరి రేపు ఇద్దరం నాదే అంటేనో, సీమోనూ?"

"లొల్లి గూడ చెరిసగం, సేటూ."

సేటు నవ్వాడు. తర్వాత వ్యాపారం మనిషి గనక, సరుకు దించుకునే ముందు రకం చూసుకున్నట్టు ఒక్కొక్కటే అడిగాడు. "ముంగిస మంచిదే, ఎదురొస్తే శకునం. పిచ్చుకలొస్తే ఇల్లు నిండుతది. గోరింకలు మొత్తుకుంటయ్, మొత్తుకోనీ. గాని ఒక్క మాట. పైడికంటె రావద్దు."

"అది గూడ పిట్టనే తాతా, చిన్న గుడ్లగూబ..." అని రశ్మి మొదలుపెట్టింది.

"నువ్వూకో. మా చిన్నప్పుడు పైడికంటె వచ్చి ఇంటి గోడల కూసుంటే, ఇల్లిడిసి మాదన్నపేటల ఆర్నెల్లు కిరాయికి ఉన్నం. శాంతి చేయించి, సున్నాలేసి, అప్పుడొచ్చినం. మీ నానమ్మకు గా పేరు చెప్తేనే జెరం వస్తది."

"శుక్రవారం పూట గా పేరెందుకు తీస్తరు!" అని సుగుణమ్మ చెవులు మూసుకుంది.

ఇవతల గదిలో, గోనె పరదా వెనక నుంచి, రాహేలు గట్టిగా దగ్గింది. ఒకసారి దగ్గి ఊరుకోలేదు. ఆగకుండా, ఏదో చప్పుడును కప్పేస్తున్నట్టు దగ్గింది.

"రాహేలక్కా!" అని సుగుణమ్మ ఊతకర్ర ముందుకు వేసింది. "విన్నవా? కిటికీ వస్తున్నది మనకు!"

లోపలి నుంచి దగ్గు తప్ప జవాబు రాలేదు.

సుగుణమ్మ ముఖం వాడిపోయింది. అది చూసి సేటు, మాటల్లో ఒప్పుకున్నది చేతల్లో చూపించాలనుకున్నాడు. "సీమోనూ, రేపు పొద్దుగాల పాత గోడ ముక్క విప్పుతవ్ గద? గా గూటి రాళ్ళు జాగర్తగ తీసి కొత్త కిటికీల కూసోబెట్టు. ఇయ్యాల శుక్రవారం. ఈమె కడసారి గా పాత గూట్ల దీపం పెట్టనీ. రేకులు నేను తీపిస్త. నువ్వు పోయి అటు పరదా తియ్యి. దీపం మీ అమ్మకూ కనపడాలె."

సీమోను తాపీ కడిగి మాలు తట్టలో పడేశాడు. గది వైపు నడుస్తుంటే గుండె తేలికగా ఉంది. అది అతనికి కొంచెం భయంగానే ఉంది, అలవాటు లేదు కాబట్టి.

సందె వెలుతురు గుమ్మం దాకే వస్తోంది. మంచం మీద రాహేలు, గోడకు ఆనుకుని, గోనె పరదాకు వీపు అడ్డం పెట్టి కూర్చుంది. పక్కన కంచంలో మధ్యాహ్నం పెట్టిన అన్నం అలాగే ఉంది.

"అమ్మా, జరుగు. పరదా తీయాలె. సుగుణమ్మ దీపం పెడుతున్నది."

"తియ్యకు."

"ఏందమ్మా? ఇన్ని దినాలు ఆమె కోసమే గద కండ్లు కాయలు చేసుకున్నవు!"

"తియ్యకురా నాయినా. నీ కాళ్ళు మొక్కుత." రాహేలు కొడుకు మణికట్టు పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ లేని ఆ వేళ్ళకు అంత బలం ఎక్కడిదో. "ఇయ్యాల వద్దు. ఇంకో నెల ఆగుమను. అవి ఎగురుడు నేర్చుకోనీ."

"ఏవి?"

ఆమె పరదా మూల కొంచెం ఎత్తింది.

గూటి లోపలి చీకట్లో రెండు పసుపుపచ్చ కళ్ళు వెలిగాయి. పిడికెడు పిట్ట. బూడిద రంగు మీద తెల్లటి చుక్కలు. దాని పొట్ట కింద నుంచి దూది ఉండల్లాంటి పిల్లలు తలలు బయటపెట్టి, కొత్త మనిషిని చూసి మళ్ళీ లోపలికి గుంజుకున్నాయి.

పైడికంటె.

"రేకులు కొట్టిన వారానికే వచ్చింది, గా రేకు సందులకెళ్ళి," అంది రాహేలు గుసగుసగా. "సుగుణమ్మ మాట బందయింది. గది ఖాళీ ఖాళీ అయిపాయె. ఇది వచ్చి పొద్దూకంగ మాట్లాడేది. నేనూ మాట్లాడిన. ఇగ ఎట్ల వెళ్ళగొట్టాలె చెప్పు? సుగుణమ్మకు తెలిస్తే ఇల్లే ఇడిసిపోతది. అందుకే పరదా కట్టుమన్న. అందుకే మాట్లాడలె, బిడ్డా. నోరు తెరిస్తే ఆమెకు అన్నీ చెప్పుడే అలవాటు నాకు."

సీమోను తల్లి వైపు చూశాడు. ఈ నెలలన్నీ ఆమె మౌనానికి అతను ఏవేవో కారణాలు పెట్టుకున్నాడు. స్నేహితురాలిని భయపెట్టకూడదనీ, పిట్టను వెళ్ళగొట్టకూడదనీ ముసలమ్మ రెండు చేతులా గోడను పట్టుకుని నిలబడిందని ఊహించలేదు.

"సేటూ, ఆగు!" అని అరవబోయాడు. అరిస్తే ఎందుకంటారు. ఎందుకో చెబితే గూళ్ళూ పోతాయి, కిటికీ పోతుంది, గాజు పెంకులు మిగులుతాయి. చెప్పకపోతే...

అవతల మేకులు కీచుమన్నాయి. రేకు ఒక పక్కకు ఒరిగింది. గూట్లోకి పల్చటి వెలుగు జారింది.

"రాహేలక్కా," అంది సుగుణమ్మ గొంతు, చాలా దగ్గరగా, ఏడుపూ నవ్వూ కలిసి, "నేను వచ్చిన. ఉన్నవా?"

వెలుగు ఇంకాస్త పెరిగింది. ముందు దీపం, దాని వెనక గాజుల చెయ్యి మెల్లగా గూట్లోకి రావడం మొదలుపెట్టాయి.

పైడికంటె సీమోను ముఖం మీది నుంచి చూపు తీసి, మెడ నిదానంగా, పూర్తిగా, దీపం వైపుకు తిప్పింది.